బంతి పడేదాకా కదలకూడదు

తెనాలి,
20 మార్చి 2024

చలపతిరావు పెదనాన్నకి, సాహితి దణ్ణం పెట్టి రాస్తున్న సంగతులు.

ఫోన్లో చెబితే సగం వినపడదంటారు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. శ్రీరామనవమి పనులకి ఈ ఆదివారం మన ఊరు నగరం రాలేను, ఆఫీసులో పని ఎక్కువైంది. అమెరికన్ ఫుట్‌బాల్ వీడియోలు చూసి ఎవరు ఎటు పరుగెత్తారో గుర్తులు పెట్టడం కదా నా ఉద్యోగం. ఆ ఆట కిక్కాఫ్‌తో మొదలవుతుంది. ఒకడు బంతిని దూరంగా తంతాడు. రెండు వైపులవాళ్లూ ఎదురెదురుగా పరుగెత్తుకొచ్చి గుద్దుకుంటారు. దెబ్బలు ఎక్కువయ్యాయని ఇప్పుడు నిబంధన మారుస్తామంటున్నారు. ఇకమీదట దగ్గర దగ్గరగా నిలబడాలి, బంతి పడేదాకా కదలకూడదు. వచ్చే వారం ముప్ఫై రెండు జట్ల యజమానులూ ఓటు వేస్తారు. ఇక్కడ మా ఆఫీసు రెండుగా చీలిపోయింది. మేనేజరు కృష్ణకాంత్ గారు పాత పద్ధతే అసలైన ఆట అంటారు. నేను కొత్తదే మేలంటున్నాను.

మీ సాహితి

తా.క.: పక్షానికి పదకొండు మందే. అయినా గుద్దుకోకుండా ఉండలేరు.

*

నగరం,
24 మార్చి

చిరంజీవి సాహితికి పెదనాన్న ఆశీస్సులు.

రేపల్లె నుంచి వచ్చే బస్సులో నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆట సంగతి అలా ఉంచు. బంతి గురించి బాగా రాశావు. మన నవమి భోజనాల్లోనూ ఇదే గొడవ. వడ్డన అనగానే మొదటి బంతికి జనం పందిట్లోకి రెండు వైపుల నుంచీ పరుగెత్తుకొచ్చి మధ్యలో గుద్దుకుంటారు. పోయినేడు మీ పున్నమ్మత్త కింద పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఈ ఏడు పందిట్లో అడుగుపెట్టనంటోంది. కమిటీలో ఈ నిబంధన పెడతాను. ముందు కదిలినవాణ్ణి అక్కడ ఏం చేస్తారో రాయి.

పెదనాన్న

తా.క.: బంతికి పదకొండు మందేనా? మనకి బంతికి ఎనభై మంది. వాళ్లవి అంత ఇరుకు పందిళ్లా?

*

తెనాలి,
28 మార్చి

పెదనాన్నకి నమస్కారాలు.

మీరు కొంచెం పొరబడ్డారండి. అది భోజనాల బంతి కాదు, మైదానంలో ఉండే బంతి. ముందు కదిలితే రెఫరీ పసుపు గుడ్డ విసురుతాడు. అయిదు గజాలు వెనక్కి జరుపుతారు. మొన్న ఓటింగు అయిపోయింది. ఇరవై తొమ్మిది మంది సరేనన్నారు, ముగ్గురు కాదన్నారు. ఒక ఏడాది చూస్తారట. కృష్ణకాంత్ గారు నాతో మాట్లాడటం మానేశారు.

మీ సాహితి

తా.క.: ఆ బంతి గుండ్రంగా కూడా ఉండదు. కోలగా ఉంటుంది.

*

నగరం,
3 ఏప్రిల్

అమ్మాయ్ సాహితీ, దీవెనలు.

మైదానం అని గుర్తు చేసి మంచిపని చేశావు. చోటు చాలక మేమూ భోజనాలు హైస్కూలు మైదానానికి మార్చాం. మీటింగులో నీ ఉత్తరాలు చదివాను. అధ్యక్షుడు జగన్నాథరావు లేచి, "తాతల నాటి నుంచీ పరుగెత్తే తిన్నాం. తోపులాట లేకపోతే నవమి భోజనంలా ఉంటుందా?" అన్నాడు. "అమెరికాలో ఇరవై తొమ్మిది మంది ఒప్పుకున్నారు. నీకేంటి బాధ?" అన్నాను. కూర్చున్నాడు. పసుపు గుడ్డ బసవేశ్వరరావు చేతికిచ్చాం. సున్నంతో గీత గీస్తాం, అది దాటి ముందు కదిలినవాడు అయిదు విస్తళ్లు వెనక్కి. బాపట్ల వంటవాళ్లకీ చెప్పేశాం. సాంబారు బకెట్టు పట్టుకున్నవాడికి మాత్రం మినహాయింపు.

పెదనాన్న

తా.క.: కోల బంతి అందరికీ నచ్చింది. గుండ్రంగా కూర్చోబెడితే వడ్డించేవాడికి కళ్లు తిరుగుతాయి.

*

తెనాలి,
8 ఏప్రిల్

పెదనాన్నా,

ఈసారి కుశలప్రశ్నలు లేకుండా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. నేను రాసింది తినే బంతి కాదు, తన్నే బంతి. అమెరికాలో ఎవరూ విస్తళ్ల ముందు కూర్చోలేదు. మీరు కమిటీకి చెప్పి ఆ నిబంధన ఆపించండి. నిన్న జగన్నాథరావు బాబాయి ఫోన్ చేసి, "మజ్జిగ పోసేవాడు కూడా గీత దాటకూడదా అమ్మా? అమెరికా వాళ్లని కనుక్కుని చెప్పు" అన్నారు. ఏం చెప్పాలో తెలియక సిగ్నల్ లేదని పెట్టేశాను. రేపు నవమినాడు ఏదైనా తేడా వస్తే ఊరంతా నా పేరే చెబుతారు.

సాహితి

తా.క.: ఈ సంగతి ఆఫీసులో తెలిసి కృష్ణకాంత్ గారు మళ్లీ నాతో మాట్లాడుతున్నారు. నవ్వడం ఆపాక మాట్లాడుతున్నారు.

*

నగరం,
19 ఏప్రిల్

మా సాహితికి పెదనాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

మొన్న నవమి భోజనాలు జరిగాయి. ఎనభై మందీ గీత దగ్గర నిలబడ్డారు. విస్తళ్లలో పప్పు పడేదాకా ఎవరూ కదలలేదు, ఒక్క జగన్నాథరావు తప్ప. బసవేశ్వరరావు పసుపు గుడ్డ విసిరాడు. జగన్నాథరావు అయిదు విస్తళ్లు వెనక్కి వెళ్లి కూర్చుని, "నిబంధనంటే నిబంధనే" అని పక్కవాడికి బోధించాడు. పున్నమ్మక్క మొదటి బంతిలోనే కూర్చుని రెండుసార్లు పులిహోర వేయించుకుంది.

ఇక నీ కంగారు సంగతి. అది తన్నే బంతి అని నీ మొదటి ఉత్తరంలోనే అర్థమైంది. కిక్కాఫ్ అంటే పప్పన్నం అనుకునేంత ముసలివాణ్ణి కాలేదు. పోయినేటి నుంచీ వరసలో నిలబడదామని కమిటీలో నాలుగుసార్లు చెప్పాను. అక్క చెయ్యి విరిగినా ఒక్కడూ వినలేదు. అమెరికా అనగానే పది నిమిషాల్లో విన్నారు. నేను అబద్ధం చెప్పలేదు. బంతి అని ఉన్నచోట బంతి అనే చదివాను. తన్నడం, భోజనం కాదనడం వచ్చినచోట మాత్రం దగ్గొచ్చింది.

నిన్ను కంగారుపెట్టినందుకు ఏమీ అనుకోకు.

పెదనాన్న

తా.క.: హనుమజ్జయంతికి జగన్నాథరావు మైకు పట్టుకుంటే రెండు గంటలు వదలడు. పట్టుకున్నవాడు ఎన్ని నిమిషాలకి దింపాలో అమెరికాలో ఏదైనా నిబంధన ఉందా? లేకపోయినా ఫరవాలేదు. ఈసారి ఆఫీసు పేరున్న కాగితం మీద రాయి.