జేబులోని పెన్ను

జమ్మలమడుగు

కుసుమమ్మా,

నిన్న ఫోన్‌లో నిన్ను కసురుకున్నాను. "యూనియనూ గీనియనూ మనకెందుకు, నీ పని జూస్కో" అన్నాను. అప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

డ్యూటీ గంటలు దాటాక ఇంకో విమానం ఎక్కలేనన్నందుకు నీతోటి ఎయిర్‌హోస్టెస్ నందినిని వచ్చే వారం విచారణకు పిలిచారన్నావు. యూనియన్ తరఫున నిన్ను తోడు రమ్మని అడిగిందన్నావు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. నేను కండక్టర్‌గా చేరిన కొత్తలో, నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడు, ఒక అవ్వకు టికెట్ కొట్టడం మరిచిపోయి చెకింగ్‌లో దొరికాను. నన్నూ విచారణకు పిలిచారు. మన డ్రైవర్ తిరుపాల్ మామ యూనియన్ మనిషిగా నాకు తోడొచ్చాడు. ముందు హోటల్లో ఇడ్లీ తినిపించాడు. తలుపు దగ్గర నా జేబులోని పెన్ను లాక్కున్నాడు. "భయంలో ఏ కాగితమిచ్చినా సంతకం పెడ్తావప్పా. సదివినాంక అడుగు, ఇస్తా" అన్నాడు. లోపల నా పక్కనే కూర్చున్నాడు. కాగితమంతా చదివాకే పెన్ను అడిగి సంతకం పెట్టాను. ఉద్యోగం నిలిచింది.

నువ్వు పోమ్మా. ముందు ఆ పిల్లకు ఏమైనా తినిపించు. పెన్ను తీసి నీ దగ్గర పెట్టుకో.

నీ ఉద్యోగానికి ఏమవుతుందోనని నిన్న వద్దన్నాను. ఆ రోజు తిరుపాల్ మామకు ఇంట్లో మూడు నెలల బిడ్డ ఉంది.

మీ నాయన