కందిచేనులో నీ చీర

అత్తమ్మా,

నిన్న నీ సంవత్సరీకం. వంటలింకా పొయ్యి మీదుండగానే నీ కొడుకు పురుగుల మందు కొనుక్కొచ్చాడు.

నాలుగు రోజులుగా మబ్బు పట్టి కందికాయల్లో పురుగు పడింది. వేప కషాయం రెండుసార్లు కొట్టినా ఆగలేదు.

"మూడేండ్ల సంది మందు లేకుంట నేలను సాకినం. గీ పంట గూడ పోతె మనల్ని ఎవలు సాకుతరే?" అన్నాడాయన. ఆ మాట తప్పని నేనెలా అనను? మందు కొడితే ఇన్నాళ్లకు తిరిగొచ్చిన వానపాములు, పిట్టలు పోతాయి. కొట్టకపోతే కంది పోతుంది.

నువ్వైతే సాళ్ల మధ్య పాత చీర పరిచి, చెట్లు వంచి దులిపేదానివి. రాలిన పురుగులు కోళ్లకు వేసేదానివి. అప్పుడు ఊరంతా ఒకరి చేనుకొకరు వచ్చేవారు. ఇప్పుడు మేమిద్దరమే.

ఇవాళ పెట్టెలో దాచుకున్న నీ నీలం చీర తీసుకుని చేనుకు పోయాను. ఆయన అప్పటికే మందు కలిపిన పంపు వీపుకెత్తుకున్నాడు.

"అమ్మ చీర గదనే! పురుగులకేస్తవా?"

"అత్తమ్మ ఉంటె గిదే చేస్తుండె. జర ఆ కొస పట్టుకో."

ఆయన పంపు దించి కొస పట్టుకున్నాడు.

పొద్దు గూకేదాకా దులిపినా చేనులో పావు వంతు కూడా కాలేదు. పంపులో మందు అలాగే ఉంది. నీ చీరను దాని పక్కనే మడిచిపెట్టి వచ్చాను. పొద్దున ఆయన చెయ్యి ముందు దేని మీదికి పోతుందో చూడాలి.