ముందుగది ఇస్సాక్ అన్నకు

కృష్ణా జిల్లా మచిలీపట్నం వాస్తవ్యురాలు, మర్హూం (కీ.శే.) ఖాసిం భార్య ఖాలిదా అను నేను, ప్రస్తుతం సౌదీ అరేబియాలోని హఫర్ అల్ బాతిన్‌లో ఒక ఇంట వంటమనిషిగా ఉంటూ, వచ్చే వారం గుండె ఆపరేషన్‌కు వెళ్లబోతూ, మనసు కుదురుగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకుంటున్న వీలునామా. ఇంతకు మునుపు నేను ఏ వీలునామా రాయలేదు.

1. ముందు నేనెవరో చెప్పాలి. నా చిన్నతనంలో మా నాన్న అండమాన్‌లో చేపల పడవ నడిపేవాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు, అందరం పక్క దీవిలో పెళ్లికి వెళుతుంటే తుఫానుకు పడవ రాళ్లకు కొట్టుకుని విరిగిపోయింది. మనుషుల్లేని ఒక చిన్న దీవికి ప్రాణాలతో చేరింది ముగ్గురమే: నేను, మా నానమ్మ మహబూబ్బీ, నాన్న దగ్గర పనిచేసే ఒక క్రైస్తవుడి కొడుకు ఇస్సాక్. ఇస్సాక్ నాకన్నా రెండేళ్లు పెద్ద.

అక్కడే పెరిగాం. పెద్ద ఆల్చిప్పల్లో వాననీళ్లు పట్టుకున్నాం. కొబ్బరికాయలు, పీతలు, అన్న పట్టిన చేపలు మా తిండి. నానమ్మ తడి ఇసుక మీద ఇద్దరికీ అక్షరాలు దిద్దించేది. నాతో నమాజు చేయించి, అన్నతో "నీ పార్థన నువ్వు చెప్పుకోరా, మర్చిపోమాక" అనేది. రెండో వానాకాలంలో ఆమె కన్నుమూసింది. అన్న పడవ చెక్కతో గుంట తవ్వాడు. ఆపైన మాకు మేమే పెద్దలం. చీకటికి నేను భయపడితే అన్న కెరటాలకు పేర్లు పెట్టి పిలిచేవాడు. అంత హాయిగా నేను మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు.

2. నానమ్మ వెండి కడియం నా కూతురు రిజ్వానాకు. దాన్ని ఇసుకతో తోమి, దూరాన ఓడ కనబడితే ఎండలో తిప్పేవాళ్లం. ఆ మెరుపు చూసే చివరికి, నాకు పద్నాలుగో ఏట, ఒక జాలర్ల పడవ మావైపు తిరిగింది. అమ్మడానికి వీల్లేదు.

3. మా బాబాయి మస్తాన్ వలీకి ఆస్తిలో ఏమీ రాయడం లేదు. మేం దొరికామని తెలిసి పోర్ట్ బ్లెయిర్ వచ్చి, నన్ను మాత్రమే ఓడెక్కించాడు. అన్న మెట్ల దాకా వెంట వచ్చాడు. "వాడు మనకేమవుతాడు?" అన్నాడు బాబాయి. అన్నను హాస్టల్లో చేర్చారు. "ఆ పిల్లోడితో ఒంటిగా ఉన్నానని ఎవరితోనూ చెప్పమాక, రేపు నిన్నెవరు చేసుకుంటారు?" అని దారిలో నాతో ఒట్టు వేయించుకున్నాడు. నా భర్తకు కూడా చెప్పకుండా బతికాను. ఖాసిం మంచివాడు, చెబితే వినేవాడే. ఆ ఒట్టు ఒక్కటే బాబాయికి తిరిగి ఇచ్చేస్తున్నాను.

4. ఈ ఇంటి అమ్మాయి నూరాకు, నేను ఎత్తుకుని పెంచిన బిడ్డకు: నిద్రపుచ్చడానికి నీకు అరబ్బీలో చెప్పిన దీవి కథ నిజంగా జరిగిందే. అది నీదే. నీ పిల్లలకు చెప్పుకో.

5. మచిలీపట్నంలో నా కష్టంతో కట్టుకున్న మూడు గదుల ఇంట్లో ముందుగది ఇస్సాక్‌కు. వారసులు కానివారికి మూడోవంతు మించి రాయకూడదని నాకు తెలుసు. ఇది ఆ మూడోవంతే. మిగిలిన రెండు గదులు షరీయత్ ప్రకారం రిజ్వానాకు, హక్కున్న ఇతరులకు. ముందుగది విషయంలో నోరెత్తే హక్కు బాబాయి కొడుకులకు లేదు.

6. అన్న దొరికిన సంగతి. ఈ ఇంటి డ్రైవర్ మతీన్ స్నేహితుడు ఈ దేశంలోనే యాన్బు రేవుపట్నంలో ఉంటాడు. తను ఉండే పనివాళ్ల క్యాంపులో ఫిట్టరు ఇస్సాక్ అనే ఆయన దీవిలో పెరిగానంటాడని మాటల్లో అన్నాడట. నంబరు తెప్పించుకుని ఫోన్ చేశాను. నా పేరు చెప్పాను. వెంటనే "ఖాలీ, ఈత మర్చిపోయావా?" అన్నాడు. ఇప్పటిదాకా ఒకరినొకరం చూసుకోలేదు. ఆయన పెళ్లి చేసుకోలేదు. ఎగ్జిట్ కొట్టించుకుని ఈ దేశం వదిలి వెళ్తే ఇండియాలో దిగడానికి ఇల్లు లేదు.

7. ఈ వీలునామా అమలు చేయవలసింది రిజ్వానా, ఇస్సాక్ కలిసి. నేను పోయాక కాగితంలో చదివి తెలుసుకోవడం నా బిడ్డకు న్యాయం కాదని, పోయిన శుక్రవారం ఫోన్లో అంతా నేనే చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది: "మామకి అక్కడ అన్నం ఎవరొండి పెడతన్నారమ్మా?"

హఫర్ అల్ బాతిన్, 14 నవంబరు 2024
(సంతకం) ఖాలిదా

సాక్షులు:
ఉమారాణి, ఆస్పత్రి నర్సు
మతీన్, డ్రైవర్