సూసన్‌కు వేరుశనగ పడింది

జగ్గయ్యపేట

ఏమండీ,

ప్రభువు దయతో నేను, పాప, అత్తయ్య ముగ్గురం బాగున్నాం. మీ బెటాలియన్ ఉన్న కొండల్లో చలి కాస్త తగ్గిందనుకుంటాను. అక్కడ ఫోను అందదు కాబట్టి ఈ సంతోషమంతా కాగితం మీదే పెట్టి పంపుతున్నాను. అత్తయ్య మోకాలి నొప్పి నయం, చర్చికి నడిచే వెళ్లివస్తున్నారు.

సూసన్‌కు ఏది పడుతుందో కంప్యూటర్ ఎలా చెబుతుందని పోయిన ఉత్తరంలో అడిగారు. జీడిపప్పు తిని పాప ఊపిరాడక ఆసుపత్రి పాలైనప్పటి నుంచి వేరుశనగ, నువ్వులు, పిస్తా అన్నీ భయంతో మానిపించాం కదా. జీడిపప్పులో ఏ ప్రొటీన్లు తనకు పడటం లేదో విజయవాడ డాక్టరు గారు రక్తపరీక్షతో తేల్చారు. ఒక ప్రొటీను అల్లికను ఇంకోదానితో పోల్చడం నందిగామ కాలేజీలో నేను పిల్లలకు చెప్పే పాఠమే. రెండూ బాగా దగ్గరగా ఉంటే, ఒంటికి తేడా తెలియక రెండోదాని మీదా తిరగబడుతుంది. క్లాసులయ్యాక అక్కడి కంప్యూటర్ ముందు కూర్చుని, జీడిపప్పు ప్రొటీన్లను మిగతా గింజలవాటితో పోల్చాను. పిస్తా దాదాపు జీడిపప్పులాగే వచ్చింది. వేరుశనగ, నువ్వులు దూరంగా ఉన్నాయి.

డాక్టరు గారు నా కాగితాలు చూసి, "ఇది అనుమానమేనండీ. పరీక్ష చేశాకే నమ్ముదాం" అన్నారు. పాప ముంజేతి మీద ఆ మూడింటి రసం చుక్కలు వేసి సూదితో గుచ్చితే పిస్తా దగ్గర దద్దురు లేచింది. మిగతా రెండుచోట్లా చర్మం మామూలుగానే ఉంది. నేను చెప్పింది చెప్పినట్టే జరిగింది. కాళ్లు నేల మీద ఆనలేదంటే నమ్మండి.

మీకు చెప్పాలా వద్దా అని ఇంతసేపూ ఆపుకున్న మాట ఒకటుంది. ఆ తర్వాత తన ఎదుటే వేరుశనగ పొడి కొంచెం కొంచెంగా తినిపించమన్నారు డాక్టరు గారు. స్పూను పట్టుకున్నాను గానీ చెయ్యి లేవలేదు. నా లెక్కను నేనే నమ్మలేకపోయాను. అత్తయ్య స్పూను తీసుకుని, "నువ్వు చెయ్యాల్సింది చేశావమ్మా. ఇది నాకొదిలెయ్" అన్నారు. నేను వరండాలోకి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డాను. ప్రార్థన కూడా నోటికి రాలేదు. చాలాసేపటికి లోపలి నుంచి సూసన్ గొంతు వినిపించింది: "నాయనమ్మా, ఇంకొంచెం పెట్టు."

నువ్వులు ఈసారి వెళ్లినప్పుడు ఇలాగే పెట్టి చూస్తారట. జీడిపప్పు, పిస్తా మాత్రం మన గుమ్మం తొక్కవు.

బడిలో వేరుశనగ చిక్కీలు పంచేటప్పుడు ఇన్నాళ్లూ మన పిల్లను పక్కన కూర్చోబెట్టేవారు. నిన్న వరుసలో నిలబెట్టారు. సాయంత్రం చెప్పులైనా విడవకుండా వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నాకూ ఇచ్చారు" అంది.

ఇట్లు,
సూసన్ వాళ్ళమ్మ,
మీ జాయిస్