చార్టులో మొదటి మాటలు

2008 నవంబరు 3, సోమవారం

నాచారంలో మూతపడ్డ బిస్కెట్ ఫ్యాక్టరీ షెడ్డు. లోపల ఒక స్లీపర్ బోగీ. ప్లైవుడ్డుది. కింద లారీ టైర్లు. నలుగురు మనుషులు వెదురు బొంగులతో ఊపుతుంటే అచ్చం రైలు పోతున్నట్టే ఉంది. రిటైరైన టీసీని కదా, తప్పులుంటే చెప్పమని పిలిచారు. లోపల అడుగు పెట్టగానే ఒకటి దొరికింది. సైడ్ లోయర్ మీద 8, దాని పైన 7 — నంబర్లు తారుమారు. పెయింటర్‌కి చూపించాను.

"గదెవరు జూస్తరన్నా?"

"నేను జూస్త."

గొణుక్కుంటూ మార్చాడు.

నవంబరు 5

సినిమాలో టీసీ వేషం వేయాల్సినతను రాలేదు. డైరెక్టర్ కిరణ్‌కి ముప్పై కూడా ఉండవు. నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూశాడు. "అంకుల్, మీరే వేసేయండి." నల్ల కోటు సరిపోయింది.

ఇంట్లో మా ఆవిడ సుజాత ఒకటే నవ్వు. "ముప్పై ఏండ్లు ఏసుకున్న కోటే గద... గిప్పుడు దానికి మేకప్ గూడనా?"

నవంబరు 7

కథ ఇవాళ పూర్తిగా విన్నాను. పెళ్ళివారు రైలెక్కుతారు. పెళ్ళికొడుకు ప్లాట్‌ఫాం మీదే ఉండిపోతాడు. టికెట్లన్నీ అతని సంచిలో. టీసీ టికెట్లు అడగకుండా ఊరొచ్చేదాకా కబుర్లతో కూర్చోబెట్టడం పెళ్ళివారి తాత పని.

ఆ తాత — భీమేశ్వరరావు గారు! ఆయన కామెడీకి నవ్వని వాళ్ళుంటారా. లాలాపేటలో ఉన్నప్పుడు ఆయన సినిమాకు పోయి, టికెట్లు దొరక్క ఎన్నిసార్లు వెనక్కి తిరిగొచ్చానో. ఇప్పుడు నా ఎదురు బెర్తులో కాలు మీద కాలేసుకుని ఉన్నారు. "నర్సింహం గారూ" అంటారు నన్ను. నా పేరు నర్సింహ. సరిచేయబుద్ధి కాలేదు.

నవంబరు 8

ఇవాళ జరిగింది సుజాతకు కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం సీను. ఆయన పెద్దకోడలి గురించి చెబుతూ చెబుతూ ఆగారు. అంతా నవ్వారు — అలా ఆగడం ఆయన స్టయిలు అనుకుని. నేను ఆయనకు రెండడుగుల దూరంలో ఉన్నాను. కళ్ళలో ఏమీ లేదు. కిటికీ ఊచ పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది.

నా చేతిలోని రిజర్వేషన్ చార్టు వైపు తల వంచి, పెదవి కదపకుండా, తర్వాతి వాక్యంలో మొదటి మాట అన్నాను. "గుమ్మడికాయ..."

అందుకున్నారు! అక్కణ్ణుంచి చివరిదాకా ఆగలేదు.

రైల్వే కాలనీ నాటకాలకు ఇరవై ఏళ్ళు తెర వెనక నిలబడి మాటలందించాను. ఆ అలవాటు పోలేదన్నమాట.

నవంబరు 10

భోజనాల దగ్గర పక్కన కూర్చోమన్నారు. పెరుగన్నం కలుపుతూ, నా వైపు చూడకుండా — "మీరు ప్రాంప్టింగ్ చేసేవారా?"

"జేసిన సార్. మా కాలనీల."

"పోయిన ఎండాకాలం నుంచీ ఇలా ఉందండీ. డాక్టరు ఏదో పేరు చెప్పాడు... అదీ గుర్తులేదు." నవ్వారు. "మా ఆవిడకు తెలుసు. ఇప్పుడు మీకు."

"ఎవ్వరికీ జెప్ప సార్."

చెయ్యి కడుక్కుని వచ్చి భుజం మీద చెయ్యేశారు. తడి చెయ్యి.

నవంబరు 11

రిజర్వేషన్ చార్టులో ప్రయాణికుల పేర్లుండాల్సిన చోట ఆయన మాటలు రాసుకున్నాను. ఒక్కో వాక్యానికి ఒక్కో మొదటి మాట. గుమ్మడికాయ. మా బావమరిది. అప్పుడేమైందంటే. ఒట్టు. కెమెరాకు కనపడదు.

నవంబరు 13

పదకొండు షాట్లు. ఒక్కచోట కూడా తడబడలేదు.

నవంబరు 15, శనివారం

చర్లపల్లి స్టేషన్. పొద్దున పదింటిదాకే పర్మిషన్. నిజం బోగీ, నిజం ప్లాట్‌ఫాం. సెట్టు కాదు కదా, ఆయనకు కొత్త. చుట్టూ జనం, ఒకవైపు గూడ్సు బండి కూత.

తాత తలుపు దగ్గర నిలబడి టీసీతో ఒక జోకు చెప్పాలి. యాక్షన్ అన్నారు. ఆయన నన్ను చూశారు. మాట అందించాను. అందలేదు. మళ్ళీ అందించాను.

"ఏవండీ..." అన్నారు. చాలా మెల్లగా. "మనం ఎక్కడ దిగాలి?"

అది స్క్రిప్టులో లేదు. నాకు కెమెరా గుర్తులేదు. ఆయన మొహం ఒక్కటే కనిపిస్తోంది... ఎన్ని బండ్లలో చూశాను అలాంటి మొహాలు.

"ఫికర్ జేయకుండ్రి సార్. నేనున్న గద. నేను దింపుత."

"మర్చిపోరు కదా?"

"మర్వ."

కట్! ప్లాట్‌ఫాం అంతా నవ్వు, చప్పట్లు. కిరణ్ పరుగెత్తుకొచ్చి ఆయన కాళ్ళకు మొక్కాడు. "ఎక్కణ్ణుంచి తెస్తారు సార్ ఇవన్నీ!" ఆయన కూడా నవ్వారు. నా చెయ్యి మాత్రం వదల్లేదు, కారెక్కేదాకా.

నవంబరు 16

ఆదివారం. సెలవు. ఉప్పల్ పోయి కూరగాయలు తెచ్చాను. రెండు ఐటమ్‌లు మర్చిపోయానని సుజాత అంటే భయమేసింది.

నవంబరు 17

అసిస్టెంట్ డైరెక్టర్ స్వప్న. ఏ షాట్‌లో ఎవరి చేతిలో ఏముందో రాసుకునే పని ఆ అమ్మాయిది. నా చార్టు తీసి చూసింది. "అంకుల్, గుమ్మడికాయ అనే ప్యాసింజర్ ఎవరు?"

చార్టు కోసం చెయ్యి చాపాను. రెండు పేజీలు తిరగేసింది. అర్థమైంది తనకు. చార్టు నా చేతిలో పెట్టేసి — "శుక్రవారం ఏం జేస్తరు మరి?"

శుక్రవారం ఆఖరి సీను. పెళ్ళిపందిరిలో తాత ఒక్కడే మాట్లాడాలి. మూడు పేజీలు. ఒకే షాట్. అక్కడ టీసీ లేడు.

నవంబరు 18

చెప్పాను ఆయనకు. "మీరే డైరెక్టర్‌కు చెప్పుకుంటే మంచిది సార్."

అంత కోపం ఎప్పుడూ చూడలేదు. "మీకేమండీ, హాయిగా రిటైరయ్యారు. నాకు ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు."

మేకప్ గది తలుపు వేసేసుకున్నారు.

నవంబరు 19

మాటల్లేవు. షాట్‌లో తప్ప. షాట్‌లో మొదటి మాట నేనంటాను, మిగతాది ఆయనంటారు. కట్ అనగానే అటు తిరిగిపోతారు.

నవంబరు 20

పొద్దున్నే మేకప్ గదిలోంచి పిలుపు. కిరణ్ అక్కడే ఉన్నాడు. ఆయన అద్దంలోకి చూస్తూ అన్నారు, "బాబూ, నాకు మాటలు నిలవడం లేదు. ఇన్నాళ్ళూ ఈయన అందిస్తే చెప్పాను. నీకు తెలియకుండా నీ సినిమా పాడు చేయలేను. తీసేస్తే తీసెయ్."

కిరణ్ ఒక పెట్టె మీద కూర్చుండిపోయాడు. తర్వాత, "చర్లపల్లిలో... సార్, నేను మానిటర్ దగ్గర పడి పడి నవ్వాను."

మేకప్‌మ్యాన్ దువ్వెన పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

సాయంత్రానికి సీను మారింది. టికెట్ల కోసం వదలకుండా టీసీ పెళ్ళిపందిరి దాకా వచ్చేస్తాడు. తాత పక్కనే కూర్చుంటాడు. మూడు పేజీల ఒకే షాట్ ఆరు ముక్కలైంది.

నవంబరు 21

షూటింగ్ అయిపోయింది. గుమ్మడికాయ కొట్టారు. పగిలిన ముక్క చూపించి, "మన ప్యాసింజరండీ" అన్నారు నా చెవిలో. మొన్నటి కోపం గుర్తుందో లేదో. నేను అడగలేదు.

డిసెంబరు 1

సుజాత అడిగింది — "ఏమైందయ్యా నీకు? ఒక్కనివే గుమ్మంల కూసుంటున్నవ్." అంతా చెప్పాను. విని, "ఆయన్ను ఒకపారి ఇంటికి తోల్కరా. తలకాయకూర వండుత" అంది. శాకాహారి అని చెప్పాను. "అయితే పచ్చిపులుసు."

డిసెంబరు 12, శుక్రవారం

డబ్బింగ్. చీకటి గది, తెర మీద మేము. హెడ్‌ఫోన్లు ఆయనకొకటి, నాకొకటి. ఆయన చెవిలో నా గొంతే వినపడేటట్టు చేశారు. ఇప్పుడు దాచుకునే పని లేదు. హాయిగా సాగింది మధ్యాహ్నం దాకా.

తర్వాత చర్లపల్లి సీను వచ్చింది. కిరణ్, స్వప్న తల వంచుకున్నారు. తెర మీద ఆయన, "మనం ఎక్కడ దిగాలి?" నేను, "నేను దింపుత."

ఆయన పకపకా నవ్వారు. హెడ్‌ఫోన్ తీసి నా వైపు తిరిగారు.

"భలే ఉందండీ. ఈ డైలాగ్ ఎవరు రాశారు?"

నోట మాట రాలేదు నాకు. ఎవరూ అందించలేదు కూడా.

బయటికొచ్చాక కిరణ్ — "ఆయనకు నచ్చింది. వాళ్ళ ఆవిడ మాత్రం ఆ సీను తీసేయమంటున్నారు. జనం నవ్వుతారంకుల్ దానికి, గట్టిగా నవ్వుతారు. ఉంచాలా, తీసేయాలా? ఆయన పక్కన ఉన్నది మీరు. సోమవారంలోగా చెప్పండి."

డిసెంబరు 14, ఆదివారం

భీమేశ్వరరావు గారు వచ్చారు భోజనానికి. రెండుసార్లు పోయించుకున్నారు పచ్చిపులుసు. సుజాతను తెగ నవ్వించారు. మెట్లు దిగుతూ మాత్రం నా మోచెయ్యి పట్టుకున్నారు.

రేపు సోమవారం. ఫోన్ దగ్గరే కూర్చున్నాను పొద్దుపోయేదాకా. ఉంచమనబోతే చర్లపల్లిలో ఆయన మొహం... తీసేయమనబోతే డబ్బింగ్‌లో ఆయన నవ్వు...