పడవ మీద చెప్పులు

పార్కు మేనేజరు గారికి, రేపల్లె నుంచి మీ దగ్గర పనిచేసే రాధారాణి నాన్న నమస్కారాలు.

మీ పార్కులో కొత్త విభాగాన్ని దెయ్యాల సినిమాల మీద కట్టొద్దని, సముద్రం సినిమాల వరస మీదే కట్టాలని మీ అందరితో వాదించి గెలిచింది మా అమ్మాయేనండి. సముద్రం మీద చేపల వేటకెళ్ళే ఇంటి పిల్ల! సంతోషం పట్టలేక, అది చూద్దామని బస్సంతా చెప్పుకుంటూ వచ్చాను.

తీరా చూస్తే, పసుపు కుంకుమ పెట్టిన పడవెక్కుతున్నారు జనం, చెప్పులతో! మా వాళ్ళెవరూ చెప్పులతో పడవెక్కరండి, ఒళ్ళు మండిపోయింది. విప్పండయ్యా అంటే మీ గేటు మనిషి, "ఇది సినిమా పడవ తాతా, నీళ్ళే ఎరగదు" అని నవ్వాడు. నీళ్ళెరగని పడవకి బొట్టెందుకండీ? ఆ సినిమాలో హీరో కూడా చెప్పులు విప్పే ఎక్కాడు కదండీ!

బొట్టు చెరిపేస్తామని మాత్రం అనకండి. అది మా పిల్ల తన చేత్తో పెట్టింది. చెప్పులే విప్పించండి. మీవల్ల కాకపోతే కబురు పెట్టండి, నేనే వచ్చి గేటు దగ్గర నిలబడతాను.