నేను అరగదీసిన మీట

ఆర్లీనా, నీ మొగుడు హోబర్ట్ పిస్తోలుకు, పొరపాటున పేలకుండా ఆపే కొత్త సేఫ్టీ మీట బిగించి ఇచ్చానే, దాన్ని పరీక్షించానో లేదో ఎప్పుడైనా నన్ను అడిగావా? అడగలేదు. అన్నయ్య ప్రార్థన చేసి ఇచ్చాడు కదా అనుకున్నావు. నేనూ అదే అనుకున్నాను. ప్రభువు దయవల్ల నేను క్షేమం. షెరీఫు దగ్గరి డెప్యూటీ క్లీటస్ క్షేమంగా లేడు.

అతని పిస్తోలుకూ అలాంటి మీటే వేశాను. అది బిగుతుగా ఉందని అతను గొణిగితే, బొటనవేలికి వెన్నలా కదిలేదాకా ఆకురాయితో రుద్దాను. తూటాలు తీసి, తూటాను కొట్టే సుత్తిని ఎక్కుపెట్టి, మీట వేసి ట్రిగ్గర్ నొక్కి వదిలి, మీట తీస్తే సుత్తి పడుతుందేమో చూడటం మా పనిలో ఆఖరి పరీక్ష. దాని బదులు పిస్తోలు మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. సోమవారం అతను మీట తియ్యగానే సుత్తి దానంతటదే పడి పిస్తోలు పేలింది. తూటా మోకాల్లో దిగింది. కాలు తీసేశారు.

ఆస్పత్రిలో నన్ను చూసి అన్నాడు: "ఏం బ్రదర్ ఎల్బర్ట్, ఈసారి కళ్లు మూసుకోక ముందు కాస్త తెరిచి చూడవయ్యా. నాకింక ఒక్క కాలే ఉంది."

హోబర్ట్ పిస్తోలు మీటనూ ఆ వారమే, అలాగే రుద్దాను. పొడిచే ఎద్దని తెలిసీ కట్టెయ్యనివాడి మీదే రక్తాపరాధమని మోషే చెప్పాడు. ఈ కార్డు చదివాక నీకూ తెలిసినట్టే.

అమ్మ దగ్గు తగ్గిందా? నా ఉన్ని చొక్కా పంపకు, శనివారం బస్సుకు నేనే వస్తున్నాను. అమ్మకు వందనాలు, పిల్లలకు దీవెనలు.

హోబర్ట్ కోప్పడితే కోప్పడనీ. మీటా ట్రిగ్గరూ ఎవరూ తాకకుండా ఆ పిస్తోలును ఒరతో సహా పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. ఇవాళే, అతను గని కాపలాకు బయలుదేరకముందే వెయ్యి.